ఫ్రేమ్ రేట్లు కలగలిసినప్పుడు: ముందే మార్చుకోవాలా, టైమ్‌లైన్‌కే వదిలేయాలా?

ఒక వీడియో ఎడిట్ చేస్తున్నారనుకోండి. కెమెరా క్లిప్పులు సెకనుకు 24 ఫ్రేములు (అంటే 24 బొమ్మలు), ఫోనువి 30, ఇంకొన్ని 60. అన్నీ 24 ఫ్రేముల టైమ్‌లైన్‌లోకే, అంటే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో క్లిప్పులను వరుసగా పేర్చే చోటికే, రావాలి. క్లిప్పులను ముందే మార్చుకోవడం ఒక దారి. ఉన్నవి ఉన్నట్టే పెట్టి సర్దుబాటును సాఫ్ట్‌వేర్‌కు వదిలేయడం రెండో దారి.

శ్రమ: మార్చుకుంటే గంటల సమయం పోతుంది, డిస్కు నిండుతుంది. వదిలేస్తే వెంటనే ఎడిటింగ్ మొదలుపెట్టవచ్చు.

కదలిక: 30ని 24 చేయాలంటే ప్రతి ఐదు ఫ్రేముల్లో ఒకటి పోవాలి. మాట్లాడుతున్న ముఖంలో అది పెద్దగా తెలియదు. కెమెరా నిదానంగా పక్కకు తిరిగే షాట్‌లో మాత్రం గోడ అంచు ఉండి ఉండి తుళ్లిపడుతుంది. ముందే మార్చినా ఈ లెక్క మారదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆప్టికల్ ఫ్లోతో, అంటే కదలికను అంచనా వేసి మధ్య బొమ్మలను గీసే పద్ధతితో, కొత్త ఫ్రేములు పుట్టించవచ్చు గానీ, వేగంగా ఊగే చేతివేళ్ల చుట్టూ బొమ్మ కరిగిపోయినట్టు కనిపించవచ్చు. అదే 60 ఫ్రేముల క్లిప్పును 40 శాతం వేగానికి తగ్గిస్తే ఒక్క ఫ్రేమూ పోకుండా చక్కని స్లో మోషన్ వస్తుంది. దానికి మార్పిడి అక్కర్లేదు.

రిస్కు: అసలు చిక్కు ఫోను క్లిప్పులతోనే. చాలా ఫోన్లలో రేటు స్థిరంగా ఉండదు. పొడవైన సంభాషణలో చివరికొచ్చేసరికి పెదవుల కదలిక ఒకటి, వినిపించే మాట ఒకటి కావచ్చు. వీటిని 30 దగ్గరే స్థిరపరిచి ఆ తర్వాతే టైమ్‌లైన్‌లో పెట్టాలి. ఇందులో నాకు సందేహమే లేదు.

స్థిరమైన రేటున్న కెమెరా క్లిప్పులు, దగ్గరపడిన గడువు: టైమ్‌లైన్‌కే వదిలేయండి. ఫోను ఫుటేజీ, మాటలే ప్రధానమైన సన్నివేశాలు: ముందే మార్చండి, ఒరిజినల్ ఫైళ్లను మాత్రం చెరపకండి.