షిఫ్ట్ మారేటప్పుడు ఏది మేలు: వాట్సాప్ గ్రూపా, లాగ్‌బుక్కా, ఎదురుగా మాటా?

మందుల ఫ్యాక్టరీలో ప్రొడక్షన్‌కీ సరుకు నాణ్యత పరీక్షించే క్యూసీకీ పడదని అందరూ అంటారు. పదకొండేళ్లు షిఫ్ట్ ఇన్‌చార్జిగా చేసినవాణ్ని. మా గొడవల్లో సగం పని మీద కాదు, మాట చేరిన తీరు మీదే వచ్చేవి.

వాట్సాప్‌లో వేగం ఉంది, కాదనను. కానీ సాల్వెంట్లు, అంటే ఇట్టే అంటుకునే ద్రావకాలు, వాడే బ్లాకులోకి మామూలు ఫోన్ తీసుకెళ్లకూడదు, నిప్పురవ్వ భయం. మెసేజ్ లాకర్లో మోగుతుంటే మనిషి రియాక్టర్, అంటే మందు తయారయ్యే పెద్ద పాత్ర, దగ్గర ఉంటాడు. అంతకన్నా పెద్ద తంటా ఇంకోటుంది. ఒకరోజు తెల్లవారి 5.50కి గ్రూపులో క్యూసీ నుంచి ఒక ముక్క పడింది: "ఎల్ఓడీ ఫెయిల్. మళ్లీ డ్రై చేయండి." ఎల్ఓడీ అంటే పొడిలో తడి ఎంత మిగిలిందో చూసే పరీక్ష. ఆ గ్రూపులో ప్లాంట్ హెడ్ కూడా ఉన్నారు. మావాడొకడు ఊరుకోక, "మీరు టెస్ట్ సరిగ్గా చేశారా?" అని పెట్టాడు. ఎనిమిదయ్యేసరికి నలభై మెసేజ్‌లు. పెద్దాయన చూస్తుండగా తప్పు పట్టారనుకున్నాక డ్రైయర్ సంగతి ఎవరికి కావాలి? అందరికీ పరువే ముఖ్యమైంది.

చివరికి క్యూసీ అమ్మాయే రక్షణ గౌను వేసుకుని బ్లాకులోకి వచ్చింది. "ఏ ట్రేల నుంచి తీశారన్నా?" అంది. డ్రైయర్ తలుపు తీసి చూపించాం. పై ట్రేలు పొడిపొడిగా ఉన్నాయి. అట్టడుగున, మూల ట్రేలో గరిటె పెడితే ముద్ద అంటుకుని వచ్చింది. మేం మా చెక్‌కి పై ట్రేలోంచే తీశాం, ఆమెకు వెళ్లిన శాంపిల్‌లో కిందిది కూడా కలిసింది. ఇద్దరి అంకెలూ నిజమే! పది నిమిషాల్లో తేలిపోయింది.

అలాగని నోటిమాట ఒక్కదాన్నే నమ్ముకోలేం. మర్నాటికి "చెప్పాను", "నాతో అనలేదు" మొదలవుతుంది. నాలుగు నెలల తర్వాత ఆడిటర్ అడిగితే చూపించడానికి ఏమీ ఉండదు. అక్కడ లాగ్‌బుక్కే దిక్కు. జరిగినప్పుడే రాయాలి, తప్పు పడితే ఒక్క గీత కొట్టి సంతకం, తేదీ పెట్టాలి. కాకపోతే అలసిన చేతికి తొందరగా వచ్చే మాట "షిఫ్ట్ నార్మల్". ఆ రెండు ముక్కల కింద ఎన్ని దాక్కున్నాయో నాకు తెలుసు, నేనూ రాశాను కనక.

కాగితం ఉందన్న ధీమా ఎంత ప్రమాదమో పైపర్ ఆల్ఫా చూపించింది. 1988 జులై 6న నార్త్ సీలోని ఆ చమురు ప్లాట్‌ఫామ్ తగలబడి 167 మంది చనిపోయారు. పగటి షిఫ్టులో ఒక పంపు తాలూకు సేఫ్టీ వాల్వు విప్పారు. ఆ పనికి అనుమతి ఇచ్చే పర్మిట్ కాగితం ఉంది, కానీ వాల్వు లేదన్న సంగతి రాత్రి షిఫ్టుకు చేరలేదు. రెండో పంపు ఆగిపోయేసరికి, వాల్వు విప్పిన ఈ పంపునే ఆన్ చేశారు.

అందుకే నా ఓటు ఎదురుగా మాటకే, కానీ చేతిలో లాగ్‌బుక్ ఉండాలి. ఆఫీసు గదిలో కాదు, మిషన్ పక్కనే నిలబడాలి. దిగేవాడు చదువుతాడు, ఎక్కేవాడు తనకు అర్థమైంది తిరిగి చెబుతాడు: ఏ పని సగంలో ఉంది, ఏది విప్పి ఉంది, క్యూసీ ఏం అడిగింది. తిరిగి చెప్పేటప్పుడే తేడా బయటపడుతుంది. శాంపిల్ ఫెయిలైతే ముందు ఇంటర్‌కమ్‌లో ఆ షిఫ్ట్ ఇన్‌చార్జికి చెప్పాలి, గ్రూపులో పెట్టడం తర్వాత. వాట్సాప్‌ని బస్సు లేటు, క్యాంటీన్ కబుర్లకు వదిలేస్తే హాయి.

ఇదంతా చెబితే మేనేజర్లు తలూపుతారు. కానీ పొద్దుటి షిఫ్ట్ రెండింటికి దిగితే కంపెనీ బస్సు 2.10కి కదులుతుంది. అది తప్పితే మెయిన్ రోడ్డు దాకా నడక, ఆపైన షేర్ ఆటో. ఇక మిషన్ పక్కన ఎవడు నిలబడతాడు? మా దగ్గర మార్పు వచ్చింది ట్రైనింగ్ క్లాసుతో కాదు, బస్సు టైము 2.25కి జరిపాక.