నాలుగేళ్లుగా 70-300 లెన్సు, వేకువ చంద్రుడు

కెమెరాతో వచ్చిన 18-55 మిల్లీమీటర్ల లెన్సులో (ఈ అంకె పెరిగేకొద్దీ దూరంవి పెద్దగా కనిపిస్తాయి) పౌర్ణమి చంద్రుడు తెల్ల చుక్కలా పడేవాడు. అందుకే సెకండ్‌హ్యాండ్‌లో ఈ 70-300 జూమ్ కొన్నాను. నాది క్రాప్ సెన్సర్ కెమెరా, అంటే బొమ్మ పడే సెన్సర్ కాస్త చిన్నది. 300 దగ్గర చంద్రుడు ఫ్రేము ఎత్తులో సుమారు ఆరో వంతు వస్తాడు.

అయినా మొదటి ఏడాది ఒక్క ఫొటో కూడా మనసుకు నచ్చలేదు. శ్రీకాకుళం జిల్లా శాలిహుండం కొండ కిందే నిలబడి తీసేవాణ్ణి. కొండ ఫ్రేమంతా ఆక్రమించేది. తర్వాత కళింగపట్నం వైపు బాగా వెనక్కి వచ్చాను. మనం ఎంత వెనక్కి జరిగినా చంద్రుడి సైజు మారదు, ముందున్నవే చిన్నవవుతాయి. రెండు కిలోమీటర్ల అవతలున్న 17 మీటర్ల తాటిచెట్టు, చంద్రుడు దాదాపు ఒకే ఎత్తు కనిపిస్తాయి. ఫాల్గుణ పౌర్ణమికి చంద్రుడు దాదాపు నేరుగా పడమటికే దిగుతాడు. గట్టు మీద మూడు తాటిచెట్లు, మట్టల సందున నారింజ రంగు చంద్రుడు. పొలానికి వచ్చిన పెద్దాయన తెరలోకి తొంగిచూసి "ఏటి బాబూ, ఇది మన చెట్టేనా?" అన్నాడు. లెన్సుకు పెట్టిన డబ్బు నాకు ఆ పొద్దుటే ముట్టింది.

లోపాలూ ఉన్నాయి. 300కి పూర్తిగా లాగితే బొమ్మ మెత్తబడుతుంది. 250 దగ్గర ఆపి ఎఫ్ 8 (లెన్సు రంధ్రం కొలత) పెడితే చంద్రుడి మీద మచ్చలు చక్కగా తేలతాయి. మసక చీకట్లో ఆటోఫోకస్ ముందుకీ వెనక్కీ తిరుగుతూనే ఉంటుంది. లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనక తెర మీద, పెద్దది చేసి ఫోకస్ చేత్తోనే తిప్పుకోవాలి. ట్రైపాడ్‌కి బిగించాక కూడా లెన్సు బరువుకి వెంట్రుకవాసి కిందికి వాలుతుంది, కాబట్టి ఆ మేరకు పైకి పెట్టి బిగిస్తాను. పుష్య పౌర్ణమి పొద్దున వంశధార ఒడ్డున ముందు గాజుకి మంచు పట్టింది. ఇంటికొచ్చాక చూసుకుంటే అన్నీ మసకే. ఆ రోజు చాలా బాధపడ్డాను. ఇప్పుడు లెన్సు ముందుండే తొడుగు, హుడ్, తీయను, మెత్తటి గుడ్డ జేబులోనే ఉంటుంది.

చంద్రుడి మీద పడేది ఎండే, రాత్రి సెట్టింగులు పనికిరావు. ఐఎస్ఓ (సెన్సర్ వెలుతురుకి స్పందించే స్థాయి) 100, ఎఫ్ 8, షట్టర్ 1/125 సెకనుతో మొదలుపెట్టి, కిందికి దిగి మసకబారేకొద్దీ షట్టర్ వేగం తగ్గిస్తాను, అంటే ఎక్కువసేపు తెరిచి ఉంచుతాను. కానీ ఒక సెకను దాటనివ్వను. రెండు నిమిషాల్లో తన వెడల్పంత జరిగిపోతాడు మరి.

క్యాలెండర్‌లో పౌర్ణమి అని చూసి బయల్దేరకండి. చంద్రాస్తమయం రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. సూర్యోదయం తర్వాత పది, ఇరవై నిమిషాలకి అస్తమించే రోజు ఎంచుకోండి. అప్పుడే పొలానికీ కాస్త వెలుగు ఉంటుంది. ముందురోజు వెళ్తే నేల నల్లగా పడుతుంది.

పక్షుల కోసమైతే ఈ లెన్సు కొనమనను. చంద్రుడి కోసమైతే నాది అమ్మను.