నాలుగో గంట తరువాత తెలిసే నాణ్యం: మూడు ప్యాడెడ్ సైక్లింగ్ షార్ట్స్ సమీక్ష

విజయవాడ నుంచి ఏలూరు మీదుగా తాడేపల్లిగూడెం వెళ్లి తిరిగి వస్తే రెండు వందల కిలోమీటర్లు దాటుతుంది. 200 కిలోమీటర్ల బ్రెవేకు, అంటే నిర్ణీత గడువులో పూర్తి చేయవలసిన దూరపు సైకిలు సవారీకి, ఇచ్చే గడువు 13 గంటల 30 నిమిషాలు. నాలాంటి మధ్యస్థపు వేగం ఉన్నవాళ్లు అందులో తొమ్మిది పది గంటలు సీటు మీదే గడుపుతారు. సైకిలు ఎంత ఖరీదైనదైనా, కాళ్లలో ఎంత సత్తువ ఉన్నా, ఆ పది గంటలూ శరీరానికీ సీటుకూ మధ్య ఉండేది ఒక్క షార్ట్సే. గత మూడేళ్లలో సొంత డబ్బుతో కొని, కృష్ణా, గోదావరి డెల్టాల ఉక్కపోతలో తొక్కి చూసిన మూడు జతల గురించి, ముఖ్యంగా దూరప్రయాణాలకు కొత్తగా సిద్ధమవుతున్న ఆడవాళ్లను దృష్టిలో పెట్టుకుని ఈ సమీక్ష రాస్తున్నాను.

మొదటి జత ఆన్‌లైన్‌లో ఏడు వందల రూపాయలకు కొన్నది. తయారీదారు పేరు చెప్పవలసిన పని లేదు, ఎందుకంటే అదే అచ్చులో తీసినట్టున్న షార్ట్స్ రకరకాల పేర్లతో అమ్ముడవుతున్నాయి. లోపల సీటు ఆనే చోట కుట్టిన ప్యాడ్ బొటనవేలి మందాన ఉంది, నొక్కితే దూదిలా దిగబడింది, మధ్యలో జెల్ కూడా ఉందని కవరు మీద రాసి ఉంది. హనుమాన్ జంక్షన్ దాకా, అంటే మొదటి నలభై కిలోమీటర్లూ, దిండు మీద కూర్చున్నంత హాయిగా సాగింది. ఏలూరు దాటాక ఒకచోట కుదురుగా కూర్చోలేక అటూ ఇటూ జరగడం మొదలుపెట్టాను. తిరుగు ప్రయాణంలో భీమడోలు దగ్గరికి వచ్చేసరికి, ప్రతి ఐదు నిమిషాలకూ పెడళ్ల మీద లేచి నిలబడితే తప్ప తొక్కలేకపోయాను. ఇంటికొచ్చి స్నానం చేస్తే నీళ్లు తగిలినచోటల్లా భగ్గుమంది. ప్యాడ్ అంచు కుట్టు ఎక్కడ ఉందో సరిగ్గా అక్కడే, రెండు తొడల మూలాల్లోనూ గీత గీసినట్టు చర్మం ఒరుసుకుపోయింది. మూడో రోజుకు కుడివైపు సెగ్గడ్డ లేచింది. పది రోజుల దాకా సైకిలు ఎక్కలేదు.

ఎందుకిలా అయిందో తెలుసుకోవాలనిపించి ఆ షార్ట్స్‌ను కత్తెరతో విప్పి చూశాను. పైగుడ్డ కింద ఒకే ఒక్క స్పాంజి పలక ఉంది, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే మందం, ఒకటే మెత్తదనం. దాని మధ్యలో పలుచని ప్లాస్టిక్ పొర చుట్టిన జెల్ బిళ్లలు రెండు. వాటి చుట్టూ స్పాంజి పసుపురంగుకు తిరిగి, వేలితో రాస్తే పొడిపొడిగా రాలింది. గాలి ఆడని ఆ ప్లాస్టిక్ మీద చెమట నిలిచిపోయి, ఆరే దారి లేక ఉప్పు గడ్డకట్టింది. బిళ్లలు కూడా ఉండవలసిన చోట లేవు. నా బరువుకు రెండు పక్కల నుంచీ జారి మధ్యకు వచ్చేశాయి. అంటే ఏ భాగం మీద ఒత్తిడి పడకూడదో అక్కడికే ఒత్తిడిని తెచ్చి పెట్టాయన్నమాట. మెత్తగా ఉండడం వేరు, మోయగలగడం వేరు అన్న సంగతి అప్పుడు నాకు కళ్లకు కట్టినట్టు కనబడింది.

నిటారుగా కూర్చున్నప్పుడు మన బరువంతా పిర్రల అడుగున ఉండే రెండు ఎముకల మీద పడుతుంది. రోడ్డు సైకిలు మీద ముందుకు వంగిన కొద్దీ కటి కూడా ముందుకు ఒరిగి, ఆ బరువులో కొంత ముందు భాగానికి మారుతుంది. మంచి ప్యాడ్ ఆ ఎముకల కింద గట్టిగానూ, నడుమ పలుచగానూ, అంచులకు వచ్చేసరికి ఇంచుమించు గుడ్డ మందానికి తగ్గిపోయే విధంగానూ ఉండాలి. గట్టిదనాన్ని స్పాంజి సాంద్రతతో చెబుతారు, ఘనపు మీటరుకు ఇన్ని కిలోలు అని. గంట, రెండు గంటల సవారీకి తక్కువ సాంద్రత సరిపోతుంది గాని, రోజంతా తొక్కేవాళ్లు ఎముకల కింద 80 నుంచి 120 వరకూ ఉన్నదాన్ని చూసుకోవడం మేలు. అంకె రాయని తయారీదారుల విషయంలో నేను పాటించే పద్ధతి ఒకటుంది: ప్యాడ్‌లో ఎముకలు ఆనే చోటును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని గట్టిగా నొక్కుతాను. రెండు వేళ్లూ ఒకదానికొకటి తగిలినట్టు అనిపిస్తే, దుకాణంలో ఎంత హాయిగా ఉన్నా, అది నాలుగో గంటకు చేతులెత్తేస్తుంది.

ఆ ఎముకల మధ్య దూరం మనిషికీ మనిషికీ మారుతుంది. గట్టి చెక్కపీట మీద అట్టపెట్టె ముక్క ఒకటి వేసి, మోకాళ్లు కాస్త పైకి వచ్చేలా కూర్చుని, పీట అంచులు పట్టుకుని గట్టిగా అదిమి లేస్తే అట్ట మీద రెండు గుంటలు పడతాయి. సరిగా కనబడకపోతే సుద్దముక్కను అడ్డంగా రుద్దితే తేలిపోతాయి. ఒక గుంట నడిమి నుంచి రెండో గుంట నడిమికి కొలిస్తే నాకు 13 సెంటీమీటర్లు వచ్చింది. మొదటి షార్ట్స్ ప్యాడ్‌లో జెల్ బిళ్లలు కుట్టిన స్థానాల మధ్య దూరం పదికి మించలేదు. సాధారణంగా ఆడవాళ్లకు ఈ దూరం కాస్త ఎక్కువ ఉంటుంది, ముందు భాగం నిర్మాణమూ వేరు. కాబట్టి చిన్న సైజు ఉంది కదా అని మగవాళ్ల షార్ట్స్ అంటగట్టే దుకాణదారు మాట వినకూడదు. ఆడవాళ్లకని రాసి, రంగు మాత్రమే మార్చి అమ్మేవీ ఉన్నాయి గనుక, ప్యాడ్ వెనుక భాగం నిజంగా వెడల్పుగా ఉందో లేదో తిరగేసి చూడవలసిందే.

రెండో జతను క్రీడాసామగ్రి దుకాణంలో, వేసుకుని చూసి, పద్దెనిమిది వందలకు కొన్నాను. వేసుకుని చూడడమంటే అద్దం ముందు నిలబడడం కాదు. సైకిలు మీద వంగినట్టు నడుము వంచి, ఒక కాలు బల్ల మీద పెట్టి, మోకాలు పైకీ కిందికీ ఆడించి చూడాలి. నిలబడినప్పుడు బిగుతుగా అనిపించి, వంగినప్పుడు ఒంటికి అతుక్కుపోయి, ప్యాడ్ ఎక్కడా ముడత పడకుండా ఉంటే అది మన కొలత. బిగుతుగా ఉందని ఒక సైజు పెద్దది తీసుకోవడం మన దగ్గర చాలామంది చేసే పొరపాటు. వదులైన షార్ట్స్‌లో ప్యాడ్ శరీరంతో పాటు కదలక, సీటుతో పాటు కదులుతుంది. ఆ కదలికే ఒరుపు. గంటకు ఐదు వేల చిల్లర సార్లు పెడలు తిరిగేటప్పుడు, ఒక్క చిన్న ముడత చాలు చర్మం లేచిపోవడానికి.

ఈ జత పనితనం గురించి మంచే చెప్పాలి. గుడ్డ ఎనిమిది ముక్కలుగా కోసి కుట్టింది, కుట్లు ఉబ్బెత్తుగా లేకుండా పరిచినట్టు ఉన్నాయి, లోపలి తొడ మీద కుట్టు రానే రాదు. తొడల చివర సిలికాన్ చుక్కల పట్టీ ఉండడంతో గుడ్డ పైకి ఎగదోసుకుని రాదు. దీనితో వంద, నూట ఇరవై కిలోమీటర్లు హాయిగా తొక్కాను. ఇబ్బంది నడుము పట్టీతో వచ్చింది. వంగి కూర్చున్నప్పుడు ఆ ఎలాస్టిక్ పొట్టను కోసినట్టు నొక్కుతుంది. భోజనం చేశాక మరీ కష్టం. ఆరేడు గంటలు దాటాక చెమటకు బరువెక్కి, వెనక నడుము దగ్గర కొద్దికొద్దిగా కిందికి జారుతుంది, దానితో ప్యాడ్ కూడా స్థానం తప్పుతుంది. వారాంతపు సవారీలకు ఇది డబ్బుకు తగిన వస్తువే గాని, 200కు పైబడిన దూరానికి నేను సిఫారసు చేయను.

మూడో జత, భుజాల మీదుగా పట్టీలు వచ్చే బిబ్ షార్ట్స్, ఐదున్నర వేలు పెట్టి తెప్పించుకున్నాను. ఒక నెల ఆలోచించాను. ఇందులోని ప్యాడ్ ఇటలీకి చెందిన ఎలాస్టిక్ ఇంటర్‌ఫేస్ వారిది. షార్ట్స్ కుట్టే బ్రాండ్లలో చాలా వరకు ప్యాడ్‌ను సొంతంగా తయారు చేసుకోకుండా ఇలాంటి ప్రత్యేక తయారీదారుల నుంచే తెచ్చుకుంటాయి కాబట్టి, బ్రాండు పేరుకన్నా ప్యాడ్ ఎవరిది, ఎన్ని గంటల సవారీకి ఉద్దేశించింది అని విచారించడమే తెలివైన పని. మందంలో ఇది నా మొదటి షార్ట్స్ ప్యాడ్‌లో సగానికి కాస్త ఎక్కువ ఉంటుందేమో. చేత్తో పట్టుకుంటే ఇంత పలుచనిది రోజంతా ఏం కాపాడుతుందని అనుమానం కలుగుతుంది. కానీ నొక్కితే వేళ్లు కలవవు. లాగితే నాలుగు వైపులా సాగుతుంది. గుడ్డతో పాటు సాగడం వల్ల అది శరీరం మీద చర్మంలా కూర్చుంటుంది.

దీనితో మూడుసార్లు 200, ఒకసారి 300 కిలోమీటర్లు పూర్తి చేశాను. 300కు గడువు 20 గంటలు. రాత్రి ఒంటిగంటకు సైకిలు దిగినప్పుడు కాళ్లు నొప్పులు పుట్టాయి, మెడ పట్టేసింది, కూర్చున్న చోట మాత్రం కొంచెం కందిన ఎరుపు తప్ప గాయం లేదు. నడుము పట్టీ లేకపోవడంతో పొట్టకు ఊపిరి ఆడింది, ప్యాడ్ పొద్దున పెట్టిన చోటే రాత్రిదాకా ఉంది. లోపమూ చెప్పాలి: పట్టీల వీపు భాగంలో వల గుడ్డే అయినా మే నెల మధ్యాహ్నం ఆ అదనపు పొర భారంగానే తోస్తుంది. ఆడవాళ్లకు అంతకంటే పెద్ద విషయం మూత్రవిసర్జన. మామూలు బిబ్ షార్ట్స్‌లో పట్టీలు విప్పాలంటే పైనున్న జెర్సీ తీయాలి. జాతీయ రహదారి మీద పెట్రోల్ బంకుల్లో శుభ్రంగా ఉండి, గడియ పడే మరుగుదొడ్డి దొరకడమే అదృష్టమైన చోట, ఇది చిన్న సంగతి కాదు. దీని భయానికి నీళ్లు తాగడం మానేసిన స్నేహితురాళ్లు నాకున్నారు, అది ఎంతో ప్రమాదం. అందుకే జెర్సీ తీయకుండా వెనక భాగాన్ని మాత్రమే కిందికి లాగగలిగేలా సాగే పట్టీలున్న రకాన్నే వెతికి కొన్నాను. ఈ ఒక్క ఏర్పాటుకే వెయ్యి రూపాయలు ఎక్కువైనా ఇవ్వవచ్చు.

అక్కచెల్లెళ్లు అడగడానికి మొహమాటపడే ప్రశ్న ఒకటుంది, దానికి సూటిగా జవాబు చెబుతాను. ఈ షార్ట్స్ లోపల లోదుస్తులు వేసుకోకూడదు. లోదుస్తుల కుట్లే ఒరుపుకు మొదటి కారణం, పైగా నూలు గుడ్డ చెమటను పీల్చి పట్టి ఉంచుతుంది. ఊళ్లలో ఆగినప్పుడు బిగుతు షార్ట్స్‌తో ఇబ్బందిగా ఉంటుందని పైన వదులు ప్యాంటు వేసుకునేవాళ్లకు నా సలహా, ప్యాడ్ కుట్టిన ముక్కాలు టైట్స్ గాని పూర్తి పొడవు టైట్స్ గాని చూసుకోమని. పైన వేసిన వదులు గుడ్డ సీటు ముక్కుకు పట్టుకుంటుంది, దిగేటప్పుడు పడిపోయే ప్రమాదముంది.

ప్యాడ్‌ను ఇప్పటికీ షామీ అనడానికి కారణం, ఒకప్పుడు ఉన్ని షార్ట్స్ లోపల ఐరోపా కొండల్లో తిరిగే షామీ అనే మేకజాతి జంతువు తోలును కుట్టేవారు. ఉతికితే అది అట్టలా బిరుసెక్కేది గనుక మెత్తబరచడానికి క్రీము రాసేవారు. తోలు పోయినా క్రీము మిగిలింది, ఇప్పుడు దాన్ని చర్మానికి రాపిడి తగ్గించడానికి రాస్తున్నాం. 100 కిలోమీటర్ల లోపు నేను రాయను. అంతకు మించితే తొడల మూలాల్లోనూ, ప్యాడ్ అంచు తగిలే చోటనూ పలుచగా రాస్తాను, సగం దారిలో మళ్లీ ఒకసారి. కొబ్బరినూనె వాడి చూశాను. చర్మానికి హాని చేయలేదు గాని, గంటన్నరలో ఇంకిపోయింది, ప్యాడ్‌కు పట్టిన జిడ్డు నాలుగు ఉతుకులకు గాని వదలలేదు.

ఒక మాట మాత్రం ముందే ఒప్పుకోవాలి. సీటు ఎత్తు మరీ ఎక్కువై పెడలు అందుకోవడానికి నడుము అటూ ఇటూ ఊగుతుంటే, ఎంత మంచి షార్ట్స్ అయినా ఒరుపును ఆపలేదు. షార్ట్స్ మీద ఖర్చు పెట్టే ముందు సీటు ఎత్తు, దాని వాలు, దాని వెడల్పు సరిచూసుకోవాలి.

సవారీ ముగిసిన వెంటనే షార్ట్స్ విప్పేయడం, అదే రోజు ఉతకడం నేను తప్పకుండా పాటించే నియమాలు. చెమటతో తడిసిన ప్యాడ్‌లో సూక్ష్మక్రిములు పెరుగుతాయి, సెగ్గడ్డలకు అవే మూలం. తిరగేసి, చల్లటి నీళ్లలో, కొద్దిపాటి సబ్బుతో చేత్తో ఉతికి, మెలిపెట్టి పిండకుండా పొడి తువాలులో చుట్టి అదుముతాను. మెలిపెడితే స్పాంజి పొరలు విడిపోతాయి. బట్టలు మెత్తబడడానికి పోసే ద్రవాలు గుడ్డకు చెమటను లాగే గుణం పోగొడతాయి, బ్లీచింగు స్పాండెక్స్‌ను తినేస్తుంది. డ్యూపాంట్ సంస్థలో జోసెఫ్ షివర్స్ 1958లో కనిపెట్టిన ఆ సాగే పోగే ఈ షార్ట్స్‌కు ప్రాణం. ప్యాడ్ పైకి వచ్చేలా నీడపట్టున, గాలి తగిలే చోట ఆరేస్తాను. వానాకాలంలో మా ఇంట్లో పూర్తిగా ఆరడానికి ఒకటిన్నర రోజు పడుతుంది, కాబట్టి వరుసగా రెండు రోజులు తొక్కేవాళ్లకు ఒక్క జత చాలదు.

మొన్న ఆదివారం రెండో జతను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టి చూశాను. సీటు ఆనే చోట గుడ్డ పలచబడి అవతలి వేపచెట్టు ఆకులు కనిపించాయి, ప్యాడ్ నొక్కితే వేళ్లు కలిశాయి. దాన్ని పక్కన పెట్టేశాను. మూడో జత కుట్లు ఇంకా గట్టిగానే ఉన్నాయి గాని, వచ్చే చలికాలంలో 400 తొక్కాలనుకుంటున్నాను, దానికి గడువు 27 గంటలు. అందుకని అదే రకం, అదే కొలత ఇంకొకటి ఇప్పుడే తెప్పిస్తున్నాను. బయలుదేరే రోజుకు దానితో కనీసం రెండు వందల కిలోమీటర్లయినా తొక్కి ఒంటికి అలవాటు చేసుకోవాలి.