పోర్షె 911 కరెరా ఎస్: ఏడేళ్ల వాడకం, అమ్మకం లెక్కలతో సహా

"911 ధర పడదు." డల్లాస్ చుట్టుపక్కల కార్లంటే ఇష్టపడే తెలుగువాళ్లు ఎవరిని కదిపినా ఈ మాటే వినిపిస్తుంది. ఏడేళ్లు ఆ కారు నడిపి ఈ మధ్యే అమ్మాను కాబట్టి చెబుతున్నాను: ఆ మాట సగమే నిజం. ధర పడకుండా ఉండాలంటే ఎవరో ఒకరు ఏటా డబ్బు పోస్తూనే ఉండాలి. ఆ డబ్బు కలపకుండా, కొన్న ధరలోంచి అమ్మిన ధర తీసేసి పోయింది ఇంతే అనుకుంటే అది లెక్క కాదు.

ముందు కారు సంగతి. 2014 మోడల్ కరెరా ఎస్. 3.8 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిను, 400 హార్స్‌పవర్, ఏడు గేర్ల మాన్యువల్. 991 అని పిలిచే తరంలో మొదటి దఫా. ఈ దఫా కార్లను ఇప్పటికీ వెతికి మరీ కొంటున్నారంటే కారణం ఇంజినే. 2017 మోడల్ నుంచి కరెరా, కరెరా ఎస్ రెండింటికీ 3.0 లీటర్ల టర్బో ఇంజిన్లు (బయటికి పోయే పొగ బలంతో అదనపు గాలిని లోపలికి నెట్టేవి) వచ్చేశాయి. వేగంలో టర్బోదే పైచేయి, నేను కాదనను. కానీ టర్బో లేని ఇంజిను అంచెలంచెలుగా గొంతు పెంచుకుంటూ 7,400 ఆర్‌పీఎం దగ్గర తన బలమంతా చూపించే తీరు మళ్లీ దొరకదు. ఏడేళ్లలో ఒక్క రోజు కూడా ఆ శబ్దం నాకు పాతబడలేదు.

రోజూ ఆఫీసుకు ఇదే కారు. వెనక సీట్లలో చిన్న పిల్లలు తప్ప ఎవరూ కూర్చోలేరు. టెక్సస్ కాంక్రీటు హైవేల మీద వెడల్పాటి వెనక టైర్ల రొద ఎక్కువ. దూర ప్రయాణంలో అలసట వస్తుంది. ఎండాకాలం ఏసీకి మాత్రం వంక పెట్టలేను. ఇంజిను వెనక ఉంటుంది కాబట్టి డిక్కీ ముందుంది, అందులో ఒక మధ్యరకం సూట్‌కేసు, ఒక సంచి పడతాయి. హైదరాబాద్ నుంచి వచ్చే అమ్మానాన్నలను విమానాశ్రయం నుంచి తీసుకురావడానికి ఇంట్లో ఇంకో కారు ఉండాల్సిందే.

ఇక ధరలు. మొదటి యజమాని దీన్ని కొత్తగా కొన్నప్పుడు కిటికీకి అంటించిన ధరల కాగితం నా దగ్గరే ఉండేది. మొత్తం సుమారు 1,18,000 డాలర్లు. కారు మూల ధర లక్షకు కాస్త లోపే, మిగిలినదంతా అదనపు హంగులది. 2018లో నేను 76 వేలకు కొన్నాను, అప్పటికి 27 వేల మైళ్లు తిరిగింది. అంటే నాలుగేళ్లలో ఆయనకు పోయింది 42 వేలు. మొన్న 64 వేల మైళ్ల దగ్గర 69 వేలకు అమ్మాను. ఏడేళ్లలో నాకు పోయింది ఏడు వేలు. పైకి చూస్తే నేను బాగుపడ్డట్టే ఉంటుంది.

ఇప్పుడు మిగతా ఖర్చులు కలపండి. కొన్న రోజున టెక్సస్ అమ్మకపు పన్ను 6.25 శాతం, అంటే 4,750 డాలర్లు. అది తిరిగి రాదు. బీమా ఏడేళ్లకు దాదాపు 12,600. టైర్లు, బ్రేకులు, క్లచ్, సర్వీసులు అన్నీ కలిపి 24 వేల పైచిలుకు. ధరలో తరిగిన ఏడు వేలతో కలిపితే మొత్తం 48 వేలు దాటింది. తిరిగిన 37 వేల మైళ్లకు పంచితే మైలుకు డాలరు ముప్పై సెంట్లు, పెట్రోలు వేరే. ఆ పెట్రోలు కూడా ఖరీదైన 93 ఆక్టేన్ రకమే పోశాను.

ఆ 24 వేలు ఎక్కడికి పోయాయో చెబితే, కొత్తగా కొనాలనుకునేవాళ్లకు పనికొస్తుంది. ఇంజిను బరువంతా వెనక ఇరుసు మీదే ఉంటుంది కాబట్టి, ముందు టైర్లు ఒక జత అరిగేలోపు వెనకవి రెండు జతలు అరుగుతాయి. వెనక టైరు 295/30, ఇరవై అంగుళాలది. పోర్షె ఆమోదించిన టైరు పక్కన ఎన్ అనే గుర్తు ఉంటుంది. అది లేని టైరు చవక. కానీ అమ్మేటప్పుడు, ఇక్కడ పొదుపు చేసినవాడు ఇంకెక్కడ చేశాడో అని కొనేవాడికి అనుమానం వస్తుంది. బ్రేకు ద్రవం రెండేళ్లకోసారి, ఆయిల్ ఏటా, స్పార్క్ ప్లగ్గులు మైళ్లు తక్కువ తిరిగినా నాలుగేళ్లకు. ప్లగ్గుల ధర చిన్నదే. వాటిని చేరుకోవడానికి విప్పాల్సినవాటికే కూలి ఎక్కువ. ఈ పనులు తప్పించుకున్నంత మాత్రాన కారు వెంటనే ఆగిపోదు. కానీ రసీదు లేని సర్వీసును చేయించనట్టే లెక్కగట్టి, ధరలో అంతకు రెట్టింపు కోస్తారు.

నా కారు కొన్నవాడు ఇలాంటివన్నీ తెలిసినవాడు. అమ్మకానికి ముందు ఒక స్వతంత్ర మెకానిక్ దగ్గర పరీక్ష పెట్టించాడు, నేనూ పక్కనే నిలబడ్డాను. మెకానిక్ మొదట రంగు మందం కొలిచాడు. ఈ కారుకు తలుపులు, ముందు మూత అల్యూమినియంవి, ఇనుము మీద మాత్రమే పనిచేసే చవక మీటరు వాటి మీద ఏమీ చూపించదు. కంపెనీ రంగు చాలావరకు 100 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. అంకె ఒక్కసారిగా రెట్టింపైతే అక్కడ మళ్లీ రంగు వేశారన్నమాట. తర్వాత ఇంజిను కంప్యూటర్‌కు తీగ తగిలించి ఆరు అంచెల పట్టిక తీశాడు. ఇంజిను పరిమితి దాటి ఎంత వేగంగా, ఎన్నిసార్లు తిరిగిందో, చివరిసారి ఏ గంట దగ్గర తిరిగిందో అందులో ఉంటుంది. మాన్యువల్ కారులో ఐదు నుంచి నాలుగుకు బదులు పొరపాటున రెండో గేరులోకి దించితే ఇంజినును చక్రాలే తిప్పేస్తాయి, ఆ దెబ్బ పై అంచెల్లో నమోదవుతుంది. నా కారు పై మూడు అంచెల్లోనూ సున్నాలే. అదే పట్టికలో ఇంజిను నడిచిన మొత్తం గంటలు కూడా ఉంటాయి. మైళ్లను ఆ గంటలతో భాగించి సగటు వేగం చూశాడు. ఊళ్లోనూ హైవే మీదా తిరిగిన కారుకు తగ్గ వేగం రాకపోతే మైళ్ల మీటరు వెనక్కి తిప్పారేమోనని అనుమానించాలి. నా దగ్గరున్న రసీదుల దస్త్రం తెరవకముందే బేరం సగం కుదిరిపోయింది.

సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు ధరను గేరు పద్ధతి ఎంతగా మార్చేస్తుందో పోర్షె చరిత్రే చెబుతుంది. 911లోనే రేస్ ట్రాక్‌ను దృష్టిలో పెట్టుకుని చేసిన జీటీ3 2014 మోడల్‌ను ఆటోమేటిక్ పద్ధతిలో నడిచే పీడీకే గేరుతో మాత్రమే అమ్మారు. 2016లో మాన్యువల్‌తో 911 ఆర్ అని ఒక రకం తీశారు, మొత్తం కార్ల సంఖ్య కేవలం 991. సుమారు 1,85,000 డాలర్ల ఆ కారుకు కొద్ది కాలంలోనే చేతులు మారే ధర అనేక రెట్లైంది. తర్వాతి జీటీ3కి మాన్యువల్ మళ్లీ వచ్చింది. ఫెరారీ ఎఫ్430లోనూ ఇంతే. లోహపు గాళ్లలో కదిలే గేరు కర్ర ఉన్నదానికీ స్టీరింగు వెనక మీటలున్నదానికీ ధరలో పెద్ద తేడా ఉంది, ఇంజిను ఒకటే అయినా.

హంగుల మీద పెట్టిన డబ్బు అన్నిటికన్నా ముందే పోతుంది. స్పోర్ట్ ఎగ్జాస్ట్, స్పోర్ట్ క్రోనో (స్టాప్‌వాచ్, ఇంకా చురుగ్గా నడిపే మోడ్ ఉన్న హంగు), మంచి సీట్లు ఉంటే కొనేవాడు కాస్త ఎక్కువిస్తాడు. గాలి వచ్చే పలకలకు తోలు తొడిగించినా, తాళంచెవికి కారు రంగు వేయించినా వాటికి చిల్లిగవ్వ రాదు. సిరామిక్ బ్రేకులైతే ఇంకా చిక్కు: డిస్కులు మార్చాల్సి వస్తే ఎంతవుతుందోనని కొనేవాడు భయపడతాడు. నేను మామూలు ఇనుప డిస్కుల కారు వెతికి కొన్నది అందుకే, ఇప్పుడు చెప్పినా అదే చెబుతాను.

911 పద్ధతి అన్ని ఖరీదైన కార్లకూ వర్తిస్తుందనుకోవద్దు. ఆస్టన్ మార్టిన్, మాసెరాటీ, బీఎండబ్ల్యూ ఐ8 వంటివి మొదటి నాలుగైదేళ్లలో చాలా లోతుకు జారిపోతాయి. అందం లేక కాదు. విడిభాగాలు ఖరీదు, బాగుచేయడం తెలిసిన చోట్లు తక్కువ, రెండోసారి కొనేవాళ్లూ తక్కువ. పోర్షెలోనే విద్యుత్ టైకాన్ తొలి ఏడాదుల కార్లు చూడండి. 2025 మోడల్‌కు ఒకసారి చార్జింగులో వెళ్లే దూరం బాగా పెరగడంతో పాతవాటి మీద ఆసక్తి తగ్గింది. బ్యాటరీ భయం దానికి తోడైంది. టైకాన్ నడపడానికి అద్భుతమైన కారు, మూడో నాలుగో ఏట కొనేవాడికి మంచి బేరం, కొత్తగా కొన్నవాడికి నష్టం.

2022లో నా కారుకు 85 వేలు ఇస్తామన్నవాళ్లున్నారు. చిప్‌ల కొరతతో కొత్త కార్లు దొరకని రోజులవి. ఆ ఫిబ్రవరిలో ఫెలిసిటీ ఏస్ అనే ఓడ అట్లాంటిక్‌లో అంటుకుని, వెయ్యికి పైగా పోర్షెలతో సహా ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు కార్లు నాలుగు వేల దాకా మునిగిపోయాయి. అప్పుడు అమ్మి లాభపడొచ్చు కదా అని చాలామంది అడిగారు. అమ్మితే ఇంకో కారు కొనాల్సింది కూడా ఆ మండే ధరల్లోనే, దానికి మళ్లీ పన్ను. 2023 నుంచి ధరలు దిగాయి. ఆ మూడేళ్లూ నేను కారు నడిపాను, అది నాకు ఆ లాభం కన్నా విలువైనది.

"హైదరాబాద్‌కు పంపించెయ్యకూడదా బావా?" అని ఇంటి నుంచి ఒకరు అడిగారు. భారత్‌లోకి వాడిన కారు రావాలంటే మూడేళ్లకు మించి పాతది కాకూడదు, స్టీరింగు కుడివైపు ఉండాలి. కాబట్టి ఆ దారి మూసే ఉంది. అక్కడ కొత్తగా దిగుమతైన స్పోర్ట్స్ కారు మీద సుంకం, జీఎస్టీ, జీవితకాల పన్ను అన్నీ మొదటి యజమాని నెత్తినే పడతాయి. రెండో కొనుగోలుదారు ఆ పన్నులన్నీ తిరిగి ఇవ్వడు కాబట్టి జారుడు అక్కడ ఇంకా నిటారుగా ఉంటుంది. బీమా లెక్కలో కూడా నాలుగేళ్లు దాటిన కారుకు విలువ సగం తగ్గించేస్తారు. హైదరాబాద్‌లో ఇలాంటి కారు కొనాలనుకునే మిత్రులకు నా సలహా ఒకటే: మొదటి యజమాని కావద్దు.

చివరగా, డీలరుకా, బయటి వ్యక్తికా అన్న ప్రశ్న. ఒక డీలరు 58 వేలు అన్నాడు, ఇంకొకరు 62 వేల దగ్గర ఆగారు. 62 తక్కువే అనిపించింది, కానీ టెక్సస్‌లో పాత కారు ఇచ్చి కొత్తది కొంటే పాతదాని విలువ తీసేశాకే పన్ను వేస్తారు. 62 వేల మీద 6.25 శాతం అంటే 3,875. అంటే ఆ ధర 65,875తో సమానం. బయట 69 వేలకు అమ్మితే ఎక్కువ వచ్చేది మూడు వేల చిల్లర మాత్రమే. దాని కోసం కొత్తవాళ్లతో టెస్ట్ డ్రైవులు, మెకానిక్ దగ్గర నిరీక్షణ, బ్యాంకు పనులు. కాలిఫోర్నియాలో ఈ పన్ను మినహాయింపు లేదు, అక్కడైతే లెక్క వేరు. నేను వెంటనే ఇంకో కారు కొనడం లేదు కాబట్టి మినహాయింపు నాకు ఉపయోగపడేది కాదు, అందుకే బయట అమ్మాను. మీరూ అలా అమ్మితే కొనేవాడితో కలిసి కౌంటీ పన్నుల కార్యాలయానికి వెళ్లి, మీ కళ్ల ముందే టైటిల్ (యాజమాన్య పత్రం) మార్పించండి. నంబరు పలకలు విప్పేసుకోండి, వాహనం అమ్మినట్టు రాష్ట్ర మోటారు వాహనాల శాఖకు ముప్పై రోజుల్లోపు తెలియజేయండి. లేకపోతే అతను తిరిగిన టోల్ బిల్లులు మీ ఇంటికే వస్తాయి.