మౌంటెన్ స్నోమొబైల్‌కు ఆఫ్టర్‌మార్కెట్ టన్నెల్: కిట్ చేసేదెంత, మనం చేయాల్సిందెంత

మౌంటెన్ స్నోమొబైల్ అంటే కొండల మంచు మీద నడిపే బండి. దాని వెనక రబ్బరు ట్రాక్ మీద బోర్లించిన పెట్టెలా ఉండే అల్యూమినియం భాగమే టన్నెల్. ఆ టన్నెల్ మీద పడని బరువంటూ లేదు. పెట్రోల్ ట్యాంకు, సీటు దాని మీద కూర్చుంటాయి. వెనక సస్పెన్షన్ ఆర్మ్‌లు దాని పక్క గోడలకే బిగుస్తాయి. కూలర్లు దాని కప్పు కింద ఉంటాయి, డ్రైవ్ షాఫ్ట్ దాని ముందు భాగంలోనే తిరుగుతుంది. అందుకే బంపర్ కొన్నట్టు రంగు, బరువు చూసి టన్నెల్ కొనకూడదు. వేరే తయారీదారు అమ్మే టన్నెల్ కిట్ చేతికి రాగానే రెండు చూడాలి: మడతలు మూలమట్టానికి కూర్చున్నాయా, కుడి ఎడమ రంధ్రాలు ఎదురెదురుగా ఉన్నాయా. ఈ రెండింటిలో తేడా ఉంటే కిట్‌ను వెనక్కి పంపడమే మంచిది. ఆ లోపాన్ని తర్వాత ఏ రివెట్టూ సరిచేయలేదు.

రేకు విషయానికొస్తే 5052 రకం అల్యూమినియం పగలకుండా వంగుతుంది, 6061-టి6 రకం దానికన్నా గట్టిది. కానీ 6061-టి6ను బిగువైన మడత పెడితే మడత వెంట సన్నటి బీటలు వస్తాయి. ఆ రేకుతో చేసిన కిట్ అయితే మూలల దగ్గర లైటు వేసి చూడండి. మందం 0.063 అంగుళం నుంచి 0.080కి పెరిగితే రేకు బరువు పావు వంతుకు పైగా పెరుగుతుంది. ఎత్తు నుంచి గట్టిగా దిగే అలవాటున్నవారికి ఆ బరువు దండగ కాదు. మెత్తటి మంచులో ఎక్కడానికే వాడేవారికి సన్న రేకు, దానికి సస్పెన్షన్ ఆర్మ్ బోల్టుల దగ్గర బలాన్నిచ్చే ప్లేట్లు ఉంటే చాలు. ఆ ప్లేట్లు లేని కిట్ ఎంత తేలికైనా తీసుకోవద్దు. పాత టన్నెళ్లు చాలావరకు చీలేది అక్కడే.

విప్పకముందే చేయాల్సిన పని ఒకటుంది. చాలా మోడళ్లలో ఫ్రేమ్ నంబరు టన్నెల్ కుడి పక్కనే కొట్టి ఉంటుంది. టన్నెల్ మారితే ఆ నంబరు పోతుంది. రిజిస్ట్రేషన్ కార్యాలయంలో ముందుగా అడిగి, వాళ్లు చెప్పిన పద్ధతి కాగితం మీద తీసుకోండి. నంబరున్న ముక్కను కోసి కొత్తదానికి అతికించడం సొంతంగా చేయకూడని పని.

పెట్రోల్ పూర్తిగా తీసేసి, ట్యాంకును గది బయట పెట్టాకే డ్రిల్ ముట్టుకోండి. గొట్టాల మూతులకు, కనెక్టర్లకు టేపు చుట్టండి. అల్యూమినియం పొడి కూలింగ్ గొట్టంలోకి వెళ్తే వాటర్ పంపు దాకా పోతుంది. పాత రివెట్ల తల మాత్రమే డ్రిల్ చేసి, మిగిలిన కాడను పంచ్‌తో తట్టాలి. పూర్తిగా డ్రిల్ చేస్తే తిరిగి వాడాల్సిన చట్రం వైపు రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి తిరుగుతుంది. డ్రిల్‌తో పాటు రివెట్ గిర్రున తిరుగుతుంటే తల కింద సన్న ఉలి ఆనించి పట్టుకోండి. పోలారిస్ కంపెనీ 2011 ప్రో-ఆర్‌ఎమ్‌కే మోడల్ నుంచి ఈ చట్రాల్లో జిగురు కూడా వాడుతోంది. అక్కడ రివెట్లు తీసినా రేకు ఊడదు. హీట్ గన్‌తో వేడి చేస్తూ పల్చటి బ్లేడుతో నెమ్మదిగా విడదీయాలి. తొందరపడి లాగితే పక్క భాగం వంగుతుంది.

ఇక అసలు పని. కొత్త టన్నెల్‌ను మొదట క్లీకోలతోనే, అంటే రివెట్ల బదులు రంధ్రాల్లో తాత్కాలికంగా పెట్టి తీసేసే క్లిప్పులతోనే, నిలబెట్టాలి. 3/16 అంగుళం రంధ్రాలకు ఇత్తడి రంగువి కావాలి, ప్రతి మూడు నాలుగు రంధ్రాలకు ఒకటి చొప్పున. ఒక్క రివెట్ కూడా వేయకుండా చెయిన్‌కేస్ (డ్రైవ్ షాఫ్ట్‌ను తిప్పే చెయిన్ ఉండే పెట్టె), డ్రైవ్ షాఫ్ట్, సస్పెన్షన్, ట్రాక్ అన్నీ ఎక్కించండి. డ్రైవ్ షాఫ్ట్ మధ్య నుంచి ముందు ఆర్మ్ బోల్టు దాకా రెండు వైపులా కొలవండి. తర్వాత ఐమూలగా కొలవండి. కుడి ఎడమల మధ్య 1 మిల్లీమీటరుకు మించి తేడా ఉంటే ఆగిపోండి. తేడా వదిలేస్తే ట్రాక్ ఒక పక్కకు లాగి తనను దారిలో ఉంచే గైడ్ క్లిప్పులను అరగదీస్తుంది, బేరింగులు వేడెక్కుతాయి. క్లచ్‌ల వరస తప్పితే బెల్టు కూడా నిలవదు. షాఫ్ట్ చేత్తో తిప్పితే ఎక్కడా బిగుసుకోకూడదు. ట్రాక్ లగ్‌లకు (మంచును పట్టే రబ్బరు పళ్లకు), ముందు కూలర్‌కు మధ్య ఎంత ఖాళీ ఉందో ఇప్పుడే చూడాలి. 2.5 అంగుళాల లగ్‌కు సరిపోయిన ఖాళీ 3 అంగుళాల లగ్‌కు చాలకపోవచ్చు.

అన్నీ కుదిరాక విప్పి, ప్రతి రంధ్రం అంచునూ రెండు వైపులా నున్నగా చేయండి. విసుగు పుట్టించే పనే, కానీ బీటలు మొదలయ్యేది ఆ గరుకు అంచులోనే. మామూలు 3/16 రివెట్లకు 11వ నంబరు డ్రిల్ బిట్, అంటే 0.191 అంగుళం, సరిపోతుంది. స్ట్రక్చరల్ రివెట్లకు, అంటే ఎక్కువ బరువు మోసే గట్టి రివెట్లకు, వాటి తయారీదారు చెప్పిన రంధ్రం కొలతే పాటించాలి. కిట్‌లో వచ్చిన రివెట్లన్నీ ఒకే పొడవు ఉంటే అనుమానించండి. రెండు రేకులు కలిసే చోట, మూడు కలిసే చోట మొత్తం మందం వేరు కదా. పొట్టి రివెట్ వెనక తల సరిగా ఏర్పడదు. చేతి రివెట్ గన్‌తో స్ట్రక్చరల్ రివెట్లు లాగబోతే సగంలోనే చెయ్యి పడిపోతుంది, గాలితో నడిచే గన్ అద్దెకైనా తెచ్చుకోండి. వాటిలో మోనోబోల్ట్ రకానికి దాని సొంత నోస్‌పీస్ (గన్ మూతికి బిగించే ముక్క) తప్పనిసరి, లేకపోతే లోపలి పిన్ లాక్ కాదు. మధ్య నుంచి చివర్లకు, ఒక్కో వైపు మార్చుకుంటూ లాగండి. ఒకే వైపు వరసగా లాగితే టన్నెల్ మెలితిరుగుతుంది.

పౌడర్ కోటింగ్ వేసిన టన్నెల్ అయితే ఎర్త్ వైరు బిగించే చోట కోటింగ్ గీకేయండి. స్టార్ట్ అయినా మీటరు, లైట్లు పిచ్చిగా ప్రవర్తిస్తే ముందు వెతకాల్సింది అక్కడే.

కూలెంట్ నింపేటప్పుడు ముందు భాగం ఎత్తి, నింపే మూత అన్నింటికన్నా పైన ఉండేలా చూడండి. ఇంజన్ వేడెక్కి థర్మోస్టాట్ తెరుచుకున్నాక కూడా వెనక కూలర్ చల్లగానే ఉంటే లోపల గాలి ఉన్నట్టే.

మొదటి రైడ్ తర్వాత టన్నెల్ తుడవకుండా ముందు రివెట్ తలల చుట్టూ చూడండి. నల్లటి చార కనిపిస్తే ఆ రివెట్ కదులుతోంది. ఒకటైతే మార్చేయండి. ఒకే వరసలో మూడు నాలుగుంటే కొలతలు మళ్లీ తీయాలి.