గ్రే ట్యాంకు: బండి కింద బిగించాలా, చేత్తో ఎత్తుకుపోవాలా?

చిన్న క్యాంపర్ వ్యాన్ (లోపలే వండుకుని, పడుకునే బండి) కట్టించుకునే వాళ్లు తిరిగి తిరిగి ఇదే అడుగుతున్నారు: "వాడేసిన నీళ్లకు ఎన్ని లీటర్ల ట్యాంకు పెట్టించమంటారు? 40 సరిపోతుందా, 70 వేయించాలా?" మంచినీళ్ల ట్యాంకు ఎంతో గ్రే ట్యాంకూ (వాడేసిన నీళ్లు చేరేది) ఇంచుమించు అంతే ఉండాలన్న లెక్క అందరికీ తెలిసిందే, దాన్ని మళ్లీ విప్పను. బదులుగా ఎదురు ప్రశ్న వేస్తాను. ట్యాంకు నిండిన రోజున దాన్ని పారబోయడానికి మీరు ఇంజను స్టార్ట్ చేయాలా, అక్కర్లేదా? అది తేలితే లీటర్ల సంగతి దానంతట అదే తేలుతుంది.

చిన్న బండికి ప్రధానంగా ఉన్నవి రెండు దారులు. ఒకటి, బండి అడుగున ఛాసిస్‌కు, అంటే ఇనప చట్రానికి, బిగించిన ట్యాంకు, దానికో వాల్వు. రెండు, సింకు కింద అల్మారాలో కూర్చునే క్యాను. నిండగానే పైపు తీసి, మూత బిగించి, చేత్తో పట్టుకుపోవడమే. చక్రాల ట్యాంకు, మడత సంచి లాంటివీ ఉన్నాయి, వాటి సంగతి తర్వాత.

ముందు నీళ్ల ఖర్చు చూద్దాం. కుళాయికి నీళ్లు తోడే 12 వోల్టుల పంపు సాధారణంగా నిమిషానికి 7 నుంచి 10 లీటర్లు తోస్తుంది. కుళాయి తిప్పి వదిలేసి అంట్లు తోమితే ఒక్క పూటకే 10 లీటర్లు దాటిపోతాయి. అవే అంట్లు చిన్న టబ్బులో తోమి, పైన కాసిని నీళ్లతో కడిగేస్తే 3, 4 లీటర్లతో పని తెములుతుంది. మొహానికి, చేతులకు, పళ్లకు కలిపి మనిషికి రోజుకు 2, 3 లీటర్లు. అంటే షవర్ లేని బండిలో ఇద్దరు ఉంటే రోజుకు సుమారు 10 లీటర్లు. షవర్ వచ్చి చేరిందంటే ఈ లెక్క తలకిందులవుతుంది. నిమిషానికి 7 లీటర్ల చొప్పున 4 నిమిషాలు ఆపకుండా నిలబడితే 28 లీటర్లు. తడుపుకుని, ఆపి, సబ్బు రుద్దుకుని, మళ్లీ తెరిచి కడుక్కుంటే 8 లీటర్ల లోపే. ట్యాంకును ఇంకో 20 లీటర్లు పెంచమని అడిగే ముందు, ఆ 20 లీటర్లు ఒక్క స్నానంలోనే దొరుకుతున్నాయేమో చూసుకోండి.

ఇక కింద బిగించే ట్యాంకు. దాని మంచి ముందు చెప్పడం న్యాయం. లోపల జాగా తినదు. 60 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 15 లోతు ఉన్న పలచని ట్యాంకు 36 లీటర్లు పడుతుంది. ఛాసిస్ దూలాల మధ్య ఎవరికీ అక్కరకు రాని చోట అది ఇమిడిపోతుంది. బరువు కిందికి దిగుతుంది కాబట్టి మలుపుల్లో బండి నిలకడగా ఉంటుంది. అన్నిటికన్నా పెద్ద విషయం షవర్. స్నానపు తొట్టి నేలకు ఆనుకునే ఉంటుంది, అందులోని నీళ్లు తమంతట తాము జారిపోవాలంటే ట్యాంకు నేల కింద ఉండి తీరాలి. అల్మారాలో కూర్చున్న క్యానులోకి అవి ఎక్కవు. మధ్యలో ఇంకో పంపు పెడితే ఎక్కుతాయి గాని, వెంట్రుకలూ సబ్బు పీచూ చుట్టుకుని ఆ పంపు ఎప్పుడు మొరాయిస్తుందో చెప్పలేం. లోపల రోజూ స్నానం చేయాల్సిందే అనుకునే వాళ్లకు ఇక్కడితో వ్యాసం అయిపోయినట్టే: కిందే బిగించుకోండి.

మిగతా వాళ్లు ఒక్క నిమిషం ఆగండి. కాగితం మీది 36 లీటర్లు చేతికి 36గా రావు. బండి నిలిపిన చోటు కాస్త వాలుగా ఉండి, వాల్వు ఉన్న మూల పైకి లేచిందంటే వాల్వు ఎంతసేపు తెరిచినా అడుగున కొన్ని లీటర్లు మిగిలిపోతాయి. అసలే లోతు తక్కువ ఉన్న ట్యాంకు కదా, చిన్న వాలు కూడా దానికి పెద్ద తేడా. పై అంచు దగ్గరా అదే గొడవ. ట్యాంకు నిండితే నీళ్లు ముందు పైకి తన్నుకొచ్చేది అన్నిటికన్నా కిందున్న రంధ్రంలోంచి, అంటే షవర్ తొట్టిలోంచి. సింకులో పోసిన అంట్ల నీళ్లు కాళ్ల దగ్గర తేలుతాయి. నిండే ముందే తెలుసుకోవడానికి మీటరు ఉంటుందిగా అంటారు. ట్యాంకు లోపలి గోడకు లోహపు మొనలు గుచ్చి, నీళ్లు తగిలితే దీపం వెలిగే రకం మీటర్లు మంచినీళ్లకు బాగానే పనిచేస్తాయి. వాడేసిన నీళ్లలో మాత్రం కొన్నాళ్లకే ఆ మొనల మధ్య సబ్బూ జిడ్డూ పొరగా పేరుకుంటాయి. ఆ పొరలోంచి కరెంటు పారుతుంది, ఖాళీ ట్యాంకు కూడా నిండినట్టు చూపిస్తుంది. తర్వాత ఆ దీపాన్ని ఎవరూ నమ్మరు, నమ్మని మీటరు ఉన్నా లేనట్టే.

అయినా నాకు ఈ లోపాలకన్నా ముల్లులా గుచ్చుకునేది పారబోయడం. నీడ చూసుకుని, చక్రాల కింద దిమ్మెలు పెట్టి, బండిని మట్టం చేసి, పందిరి విప్పి, పరుపులు పరిచి, పొయ్యి బయట పెట్టుకుని కూర్చున్నాక ట్యాంకు నిండుతుంది. పారబోసే చోటు 200 మీటర్ల దూరంలోనే ఉన్నా సరే, ఇల్లంతా సర్దాలి, బండి తీయాలి, తిరిగి వచ్చి మళ్లీ మట్టం చేయాలి. అందుకే "రేపు చూద్దాం" అనుకుంటాం. రేపటి దాకా నీళ్లు పొదుపు చేసే వాళ్లు కొందరు. చీకటి పడ్డాక వాల్వు కాస్త తెరిచి కింద మట్టిలోకి వదిలేవాళ్లు ఇంకొందరు, దారి పొడవునా కారుస్తూ పోయే మహానుభావులు మరికొందరు. ఆ నీళ్లలో జిడ్డుంటుంది, తిండి ముక్కలుంటాయి, పురుగూ పుట్రా వాటికి చేరుతుంది, తర్వాత అక్కడ ఆగే వాళ్లకు ఆ కంపే మిగులుతుంది. మట్టిలో కలిసిపోతుందని డబ్బా మీద రాసి ఉన్న సబ్బు కూడా మట్టిలోనే విరుగుతుంది గాని వాగులో కాదు. వీళ్లంతా చెడ్డవాళ్లని నేను అనను, పారబోయడం కష్టమైన చోట ఎవరి ఓపికకైనా హద్దు ఉంటుంది. అందుకే నా దృష్టిలో తేల్చేది ఇదే. మనిషి నడిచి వెళ్లి వంపగలిగిన ట్యాంకు చిన్నదైనా చాలు. బండి కదిలితే తప్ప వంపలేని ట్యాంకు ఎంత పెద్దదైనా ఏదో ఒక రోజు తక్కువే అవుతుంది.

క్యాను గెలిచేది ఇక్కడే. బయటికి వెళ్లేటప్పుడు చేత పట్టుకుని, ప్రయాణికుల మరుగుదొడ్డిలోనో పారబోసే తూములోనో వంపేసి వస్తారు. ట్యాంకు శుభ్రం చేయాలంటే బండి కింద దూరనక్కర్లేదు, మూతి పెద్దదైతే చెయ్యి పెట్టి తోమవచ్చు. పాల రంగు ప్లాస్టిక్ క్యానులో మట్టం కంటికే కనిపిస్తుంది, మీటరుతో పని లేదు.

దీనికి తోడు నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఒకటుంది. మంచినీళ్లకూ అదే కొలత క్యాను వాడటం. సింకు కింద రెండు క్యానులు పక్కపక్కన నిలబడతాయి, ఒకదాంట్లో పంపు పైపు, రెండోదాంట్లో సింకు పైపు. మంచినీళ్ల క్యానులో ఉన్నవాటికన్నా ఎక్కువ నీళ్లు రెండోదాంట్లోకి రావడానికి దారే లేదు. తాగినవీ వండినవీ పోను ఎప్పుడూ తక్కువే వస్తాయి. పంపు గాలి పీల్చి గరగరమన్నదంటే రెండో క్యాను నిండబోతోందని అర్థం. పాటించాల్సిన నియమం ఒక్కటే: రెండూ కలిసే బయటికి వెళ్లాలి, కలిసే లోపలికి రావాలి. ఒకటి నింపి రెండోది వంపకుండా పెట్టారంటే అల్మారా అడుగు చెక్క నానుతుంది, ప్లైవుడ్ అంచులు ఉబ్బుతాయి. క్యానుల కింద అంచులున్న ప్లాస్టిక్ పళ్లెం ఒకటి వేసుకోవడం మంచిది.

దీని బాధలూ లేకపోలేదు. లీటరు నీళ్లు కిలో బరువు. 20 లీటర్ల క్యాను నిండితే డబ్బాతో కలిపి 21 కిలోల దాకా తూగుతుంది, దాన్ని అల్మారాలోంచి వంగి బయటికి లాగాలి. నడుము నొప్పి ఉన్నవాళ్లకు ఇది పనికిరాదు. 20 లీటర్లది ఒకటి కన్నా 10 లీటర్లవి రెండు మేలు, రెండు చేతులకూ సమానంగా బరువు పడుతుంది. ఇక వాసన. కింద బిగించిన ట్యాంకులో కంపు బయటే ఉంటుంది, క్యాను కంపు మీరు పడుకునే గదిలోనే. నీళ్లలోని తిండి ముక్కల్ని తినే సూక్ష్మజీవులు ముందు ప్రాణవాయువును ఖాళీ చేస్తాయి. ఆ తర్వాత అది అక్కర్లేని రకం పెరిగి కుళ్లిన గుడ్డు కంపు కొట్టే వాయువును వదులుతాయి. ఎండాకాలంలో ఒకటి రెండు రోజులకే ఈ దశ వస్తుంది. క్యాను మూతి దగ్గర పైపు చుట్టూ గాలి పోయే సందు వదలకపోతే సింకులో నీళ్లు బుడబుడలాడుతూ నిలిచిపోతాయి, వదిలితే అదే సందులోంచి కంపు. పైపును ఒకచోట కిందికి వంచి మళ్లీ లేపితే ఆ వంపులో నిలిచిన నీళ్లు సింకు వైపు కంపును ఆపుతాయి గాని సందును ఆపలేవు. కంపుకు విరుగుడు క్యానును రోజూ వంపేయడమే. చేత్తో పట్టుకుపోయేది కాబట్టి రోజూ వంపడం కుదురుతుంది కూడా.

రెండు పద్ధతులకూ పనికొచ్చే చిట్కా: అంట్లు తోమే ముందు పళ్లేలూ బాండీ కాగితంతో తుడిచేయండి. వేడినీళ్లతో జారిపోయిన నూనె ట్యాంకులో చల్లారి గోడలకు గడ్డకడుతుంది, కంపుకు అదే మేత. ఈ అలవాటు ముందు సీసాల్లో అమ్మే పరిమళాలు దిగదుడుపే.

బరువు గురించి ఎవరూ పట్టించుకోని మాట ఒకటి. వెనక చక్రాలకు ఆవల ట్యాంకు వేలాడదీయడం మామూలే, ఖాళీ చోటు అక్కడే ఉంటుంది కాబట్టి. ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 3 మీటర్లు, వెనక ఇరుసుకు మీటరు ఆవల 60 లీటర్ల ట్యాంకు అనుకోండి. అది నిండితే వెనక ఇరుసు మీద పడేది 60 కిలోలు కాదు, 80. ముందు ఇరుసు మీద 20 కిలోలు తగ్గుతాయి. మంచినీళ్లు ముందు భాగంలో ఉంటే, అక్కడ తగ్గినకొద్దీ ఇక్కడ పెరుగుతూ తేడా ఇంకా ముదురుతుంది. 70 లీటర్లది వేయించమనే వాళ్లకు నేను ముందు చూపించేది ఈ లెక్కనే. పెట్టాల్సిందే అయితే రెండు ఇరుసుల మధ్య పెట్టించండి, బయల్దేరే ముందు ఖాళీ చేయండి.

చలి దేశాల్లో తిరిగే వాళ్లకు ఇంకొకటి. నీళ్లు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి. సగం నిండిన ట్యాంకు తట్టుకోవచ్చు గాని వాల్వూ సన్న పైపులూ ముందు పగులుతాయి. అందుకని చలికాలమంతా వాల్వు తెరిచి ఉంచి కింద బకెట్టు పెట్టుకుంటారు చాలామంది. అంత ఖర్చుపెట్టి బిగించిన ట్యాంకు ఆ నాలుగు నెలలూ ఉత్త గొట్టమే. వెచ్చగా ఉండే లోపలి క్యానుకు ఈ బెడద లేదు.

చక్రాల ట్యాంకు ఒకే చోట వారాల తరబడి ఆగే వాళ్లకు బాగుంటుంది. బయట పైపు కింద పెట్టి, నిండాక లాక్కుపోవచ్చు. గతుకుల నేల మీద మాత్రం 40 కిలోలు లాగడం సరదా కాదు, ప్రయాణంలో దాన్ని పెట్టుకునే చోటు చిన్న బండిలో దొరకదు. మడత సంచులు అత్యవసరానికి సరే, లోపల కడగడం దాదాపు అసాధ్యం. వాడిన నీళ్లను వడగట్టి మళ్లీ స్నానానికి తిప్పే యంత్రాలు ముచ్చటగానే ఉంటాయి గాని ధర, ఫిల్టర్ల నిర్వహణ చూస్తే చిన్న బండికి తగవు.

షవర్ కావాలి, బండి మాత్రం కదపలేం అనే వాళ్లకు రెండూ కలిపిన పద్ధతి ఉంది. కింద చిన్న ట్యాంకు, 30 లీటర్లదైనా చాలు. దాని వాల్వు కింద క్యాను జరిపి, 10 లీటర్ల చొప్పున దించుకుని పట్టుకుపోవడం. దీన్ని చెడగొట్టేది ఎత్తు. నిలబెట్టిన క్యాను చాలా బండ్ల అడుగున పట్టదు. పక్కకు పడుకోబెట్టే, వెడల్పు ముఖం మీద మూతి ఉన్న పలచని క్యాను కావాలి. కాబట్టి ట్యాంకు బిగించకముందే, బండిలో పూర్తి బరువు ఉన్నప్పుడు, నేల నుంచి వాల్వు రాబోయే చోటు దాకా టేపుతో కొలవండి. వాల్వు పిడి పక్క నుంచి చేతికి అందేలా, క్యాను మూతి కంటికి కనిపించేలా పెట్టమని మెకానిక్‌కు ముందే చెప్పండి. పిడి బండి నడిమధ్యన ఉంటే, క్యాను నిండిందో లేదో చూడటానికి ప్రతిసారీ నేల మీద పడుకోవాలి.