వూహాన్‌లో యాంగ్జీ నది: ఏడిపించిన లాడ్జి, ఒకటిన్నర యువాన్ పడవ

2018 అక్టోబరులో అమ్మా నేనూ వూహాన్ వెళ్లాం. తమ్ముడు అక్కడ ఎంబీబీఎస్ చదివేవాడు. ఊరి సంగతి తర్వాత, ముందు లాడ్జి గురించి చెప్పాలి.

వూహాన్‌లోనే హాంకౌ అనే ప్రాంతంలో, నది ఒడ్డుకు దగ్గరని ఆన్‌లైన్‌లో 180 యువాన్లకు గది తీసుకున్నాం. రాత్రి పదిన్నరకు సామాన్లతో దిగితే, కౌంటర్‌లో అమ్మాయి పాస్‌పోర్టులు చూసి విదేశీయులకు గది లేదంది. తమ్ముడు వాళ్ల భాషలోనే అరగంట బతిమాలాడు. ససేమిరా అన్నారు. అక్కడ విదేశీయులు దిగితే 24 గంటల్లోగా పోలీసుల దగ్గర నమోదు చేయించాలి. అప్పట్లో చాలా చిన్న లాడ్జీలు ఆ బాదరబందీ పెట్టుకునేవి కావు. సరే, ఆ ముక్క డబ్బు తీసుకునేటప్పుడే చెప్పొద్దూ? పైగా ఆఖరి నిమిషంలో రద్దయిందని 180 యువాన్లూ మింగేశారు. అమ్మ వీధిలో సూట్‌కేసు మీద కూర్చుని పల్లెత్తు మాట అనలేదు. నాకు డబ్బు పోయినదానికన్నా అదే ఎక్కువ బాధేసింది. చివరికి రెండు వీధుల అవతల 420 యువాన్లకు గది దొరికింది. మీరు వెళ్తే, ముందే ఫోన్ చేయించి ఇండియన్ పాస్‌పోర్టు మీద గది ఇస్తారో లేదో కనుక్కోండి.

మర్నాడు ఎల్లో క్రేన్ టవర్, టికెట్ 70 యువాన్లు. పేరు ప్రాచీనమే గానీ, ఇప్పుడున్నది 1985లో కట్టింది. పాత టవర్ ఉన్న చోటు యాంగ్జీ మీద వంతెన కట్టడానికి పోయింది. ఒక్కసారి చూస్తే చాలు.

అమ్మ ముఖం విప్పారింది మాత్రం పడవలోనే. వూహాన్‌గ్వాన్ రేవులో ఎక్కితే అవతల వూచాంగ్‌లో దింపుతారు. అప్పట్లో టికెట్ ఒకటిన్నర యువాన్, మన లెక్కలో పదహారు రూపాయలు. చుట్టూ పనులకెళ్లే జనం, కింద ఎర్రమట్టి కలిసిన నీళ్లు. ఎదురుగా 1957 నాటి వంతెన, యాంగ్జీ మీద మొట్టమొదటిది. పైన బస్సులు, కింద రైలు.

"ఒరేయ్, అచ్చం మన కొవ్వూరు బ్రిడ్జేరా!" అంది అమ్మ. మాది కొవ్వూరు. గోదావరి మీద ఆ రోడ్డు కం రైలు వంతెన 1974లో వచ్చింది. అమ్మ పర్సులోంచి ఒక యువాన్ నాణెం తీసి, కళ్లకద్దుకుని యాంగ్జీలో వేసింది. పక్కనున్న ముసలాయన చూసి నవ్వి, ఆవిడకు తన సీటిచ్చాడు.

రాత్రి ఒడ్డున దీపాలు చూపించే పడవ విహారానికి మనిషికి 130 యువాన్లు అడిగారు. వద్దన్నాం. చీకటి పడ్డాక మళ్లీ ఆ ఒకటిన్నర యువాన్ పడవే ఎక్కాం, అవే దీపాలు కనిపించాయి. దిగి, నువ్వుల ముద్ద కలిపిన రెగాన్‌మియాన్ నూడుల్స్ తిన్నాం. అమ్మ రెండో గిన్నె అడిగింది.